వెల్లుల్లి నీళ్లు కోళ్లను కాపాడవు

"పెరటి కోళ్లకు టీకాలు దండగ. తాగే నీళ్లలో వెల్లుల్లి, వెనిగర్ కలపండి, పగలు ఆరుబయట వదలండి, రాత్రికి వల చుట్టిన గూట్లో పెట్టండి. ఏ జబ్బూ రాదు." ఈ వాట్సాప్ మెసేజ్ ఈ నెలలో నాకు నలుగురు పంపారు. ఇందులో ఒక్కో మాటా చూద్దాం.

వెల్లుల్లి సంగతి. కోళ్లను చంపే కొక్కెర తెగులు వైరస్ వల్ల వస్తుంది, వెల్లుల్లి దాన్ని ఆపదు. కోడి మెడ మెలితిరుగుతుంది, ఆకుపచ్చగా పారుకుంటుంది. వచ్చాక నయం చేసే మందు లేదు, ముందే టీకా వేయించుకోవాలి. "టీకా వేసినా చచ్చాయి" అనేవాళ్లూ ఉన్నారు. ఆ టీకా సీసా ఎంతసేపు ఎండలో ఉందో అడగండి. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి, ద్రావకంలో కలిపిన గంటా రెండు గంటల్లో వాడేయాలి.

వెనిగర్ మందు కాదు. పైగా జింక్ పూత ఉన్న రేకు తొట్టిలో పోస్తే ఆ జింక్ నీళ్లలోకి దిగుతుంది, అది కోళ్లకు విషం.

ఆరుబయట తిరిగితే జబ్బు రాదనడం మరీ విడ్డూరం. తిరగడం కోడికి మంచిదే, కాదనను. కానీ అడవి పక్షుల రెట్ట తొక్కేదీ, బురద నీళ్లు తాగేదీ ఆ తిరిగే కోడే కదా! ఇక గూట్లో తడి ఉంటే రక్తపారుడు పొంచి ఉన్నట్టే. రెట్టతో బయటపడిన, ఆ జబ్బు తెచ్చే పరాన్నజీవి గుడ్లు తడి, వెచ్చదనం దొరికితే రెండు రోజుల్లో సోకడానికి సిద్ధమవుతాయి. నీళ్ల తొట్టి పక్కన నేల మీద పరిచిన పొట్టు గుప్పెడు తీసి పిండి చూడండి. చెయ్యి తెరిచాక ముద్ద విడిపోకుండా అలాగే ఉంటే అది మార్చేయాల్సిందే. ఇంకోటి, రాత్రిళ్లు కోళ్ల రక్తం తాగే ఎర్ర పురుగులు. పగలు కోడి ఒళ్లంతా వెతికినా కనపడవు, పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి టార్చ్ వేసుకుని, కోళ్లు కూర్చునే కర్ర అడుగున తెల్లగుడ్డతో తుడవండి. ఎర్ర మరకలు అంటితే అవి ఉన్నట్టే.

వల గురించి ఒక్క మాట. ఆరు మూలల కళ్లుండే పల్చటి కోళ్ల వల కోళ్లు బయటికి పోకుండా చూస్తుంది, అంతే. కుక్క దాన్ని చింపేస్తుంది, ఎలుక కళ్లలోంచి దూరుతుంది. అరంగుళం కళ్లున్న గట్టి వెల్డెడ్ జాలీ కావాలి.

ఇంతకీ ఆ మెసేజ్‌లో లేని విషయం నాకు గట్టిగా తగిలింది. ఒకసారి చూడముచ్చటగా ఉందని ఓ పెట్టను కొన్నాను, ఆ సాయంత్రమే పాత కోళ్లతో కలిపేశాను. అయిదో రోజుకి దానికి ముక్కు కారింది, పదో రోజుకి గూడంతా గురగురలే. ఇప్పుడు కొత్త కోడి ఏది వచ్చినా 30 రోజులు దూరంగా ఉంటుంది. పాతవాటికి మేత వేశాకే దాని దగ్గరికి వెళ్తాను, అక్కడికి వెళ్లేటప్పుడు వేరే చెప్పులు వేసుకుంటాను.