చీటీ బస్సుకి వచ్చింది

మా మేనేజర్ని ఒక లారీ డ్రైవరు తిట్టాడు. నా ఇంగ్లీషు చదువు అక్కడ మొదలైంది.

నేను నెల్లూరులో ఒక రొయ్యల మేత డీలరు దగ్గర లెక్కలు రాస్తాను. మేత బస్తాలు తెచ్చే లారీల ఆఫీసు చెన్నైలో ఉంది. వాళ్ళకు తెలుగు రాదు. మాకు అరవం మాట్లాడటం వచ్చు గానీ రాయడం రాదు. అందుకని రాతకోతలన్నీ ఇంగ్లీషులో జరుగుతాయి, అంటే నా చేతుల మీదుగా జరుగుతాయి. బస్తాలు తడిసి వచ్చాయేమని అడిగిన పాపానికి ఆ డ్రైవరు మా మేనేజర్ని నానా మాటలూ అన్నాడు. ఆయన కోపంతో వణికిపోతూ నా బల్ల దగ్గరికి వచ్చి, "మా మేనేజర్ని మీ డ్రైవరు తిట్టాడని మెయిలు కొట్టవయ్యా" అన్నాడు.

ఇంగ్లీషులో క్రియ మధ్యలో ఉండాలని నాకు తెలుసు. డిగ్రీ దాకా చదివినవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? తెలుగు వాక్యంలో ముందున్నది మేనేజరు, తర్వాత డ్రైవరు. ఆ వరస అట్లాగే ఉంచి, తిట్టును మాత్రం తీసుకుపోయి మధ్యలో దూర్చాను. "అవర్ మేనేజర్ స్కోల్డెడ్ యువర్ డ్రైవర్."

సాయంత్రానికి జవాబు వచ్చింది. తప్పు ఒప్పుకున్నందుకు చాలా సంతోషమనీ, మీ మేనేజరు మా డ్రైవరుకి ఫోన్ చేసి ఒక్క సారీ చెబితే ఇంతటితో వదిలేస్తామనీ. మేనేజరు అది చదివి వెంటనే ఫోన్ తీసి డ్రైవర్ని అర్ధగంట తిట్టాడు. ఆ లెక్కన నా వాక్యం తప్పేమీ కాదు, ఒక పూట ముందు రాశాను, అంతే. ఈ మాట ఆయనతో అన్నాను. అనకుండా ఉండాల్సింది.

మూలాపేటలో ఒక రిటైరైన మాస్టారు సాయంత్రం పూట పెద్దవాళ్ళకి ఇంగ్లీషు చెబుతారంటే వెళ్ళి చేరాను. ఆయన నా మెయిలు చదివి నవ్వలేదు. అప్పటికి ఊళ్ళో ఆ మెయిలు విని నవ్వనివాడు ఆయనొక్కరే.

"ఆత్మకూరు బస్టాండులో బస్సెక్కావా ఎప్పుడైనా?" అన్నారు.

ఎక్కానన్నాను.

"కిటికీలోంచి సీట్లో తువ్వాలు వేస్తావు. తర్వాత నువ్వు ముందు నుంచి ఎక్కు, వెనక నుంచి ఎక్కు, ఆ సీటు నీదే. తెలుగులో ని, ను, కి, కు ఉన్నాయే, అవి ఆ తువ్వాళ్ళు. మేనేజరుకి 'ని' తగిలించాక వాక్యంలో ఆయన ఎక్కడ నిలబడినా తిట్లు తినేది ఆయనే. ఇంగ్లీషులో తువ్వాళ్ళు లేవు. ఐ, మీ, హి, హిమ్ అని నాలుగైదు మాటలకి పాత తువ్వాలు పీలికలు మిగిలాయి గానీ మిగతా వాళ్ళకి అదీ లేదు. క్రియకి ముందు సీట్లో కూర్చున్నవాడు చేసేవాడు. వెనక సీట్లో ఉన్నవాడు పడేవాడు. నువ్వు మీ మేనేజర్ని తీసుకుపోయి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టావు."

ముప్పై ఏళ్ళ కిందట నాకీ బస్సు సంగతి ఎవరైనా చెప్పుంటే ఈ పాటికి నేనే మేనేజరునయ్యేవాణ్ణి.

మాస్టారు ఇంకో విచిత్రం చూపించారు. "నేను నిన్న నెల్లూరు నుంచి మైపాడుకి బస్సులో వెళ్ళాను" అన్న వాక్యంలో 'నేను'ని కదపకుండా మిగతాదంతా చివరి నుంచి వెనక్కి చదవమన్నారు. వెళ్ళాను, బస్సులో, మైపాడుకి, నెల్లూరు నుంచి, నిన్న. ఐ వెంట్ బై బస్ టు మైపాడు ఫ్రమ్ నెల్లూరు ఎస్టర్‌డే. అద్దంలో చూసుకున్నట్టు అంతా తిరగబడింది. 'నెల్లూరు నుంచి'లో వెనక ఉన్న 'నుంచి' కూడా 'ఫ్రమ్' అయి ముందుకొచ్చింది. అన్ని వాక్యాలూ ఇట్లా తిరగబడవని మాస్టారు హెచ్చరించారు గానీ, నేను ఆ సంబరంలో వినలేదు. మర్నాడు ఆఫీసులో ప్రతి మాటా వెనక నుంచి ఆలోచించడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా తలనొప్పి తెచ్చుకున్నాను.

మందు కూడా ఆయనే చెప్పారు. రోజూ పది వాక్యాలు రాయాలి. ముక్కలుగా కత్తిరించాలి. కలిపేసి మళ్ళీ పేర్చాలి. కుదిరిన వాక్యాన్ని లాంగ్ నోట్‌బుక్కులో జిగురుతో అతికించాలి. "కొత్తేమీ కాదు. పద్యంలో కర్త ఒక పాదంలో, క్రియ మూడు పాదాల అవతల ఉంటే ఏరుకొచ్చి అన్వయం చెప్పేవాళ్ళం కాదూ?" అన్నారు. తిక్కనగారు భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసిన ఊరు మాది. అదే ఊళ్ళో పదిహేను చీటీలు ముందేసుకుని నేను చెమటలు కక్కాను.

చీటీలంటే గుర్తొచ్చింది. మా ఇంట్లో అంతకు ముందే చీటీలున్నాయి. మా ఆవిడ వీధిలో ఆడవాళ్ళతో చీటీ నడుపుతుంది. ఇరవై మంది, నెలకి 5,000 రూపాయలు, ఎత్తినవాళ్ళకి లక్ష. పాట లేదు, డిప్పే. మిగిలినవాళ్ళ పేర్లు చుట్ట చుట్టి స్టీలు డబ్బాలో వేస్తే పిల్లకాయ ఎవడో ఒకటి తీస్తాడు. పేర్లంటే అసలు పేర్లు కావు. బట్టల కొట్టు అక్క, మేడమీద టీచరు, ఆర్టీసీ వదిన, పాల పిన్ని, ఇట్లా రాస్తుంది. అవి పాత పెళ్ళిపత్రికల అట్ట కత్తిరించి చేస్తుంది. నేను నా చీటీలు దేంతో చేశానో వేరే చెప్పక్కర్లేదు. ఇంట్లో ఉన్న కట్ట ఒక్కటే.

మా ఆవిడకి నా చదువు మీద మొదట్లో కొంచెం గౌరవం కలిగింది. ఒకరోజు తన చీర చూపించి దీన్ని ఇంగ్లీషులో ఏమంటారని అడిగింది. "వెంకటగిరి గ్రీన్ న్యూ కాటన్ బ్యూటిఫుల్ శారీ" అన్నాను. మాస్టారి నోట్సు తీసి చూస్తే, ముందు మన అభిప్రాయం, తర్వాత కొత్తా పాతా, తర్వాత రంగు, తర్వాత ఊరు, తర్వాత నూలో పట్టో చెప్పాలట. బ్యూటిఫుల్ న్యూ గ్రీన్ వెంకటగిరి కాటన్ శారీ. "చూశారా, తెల్లవాళ్ళు చీర చూడంగానే ముందు బాగుందంటారు. మీరు ఏ ఊరు, ఎంత అంటారు" అంది. వ్యాకరణం సంసారంలోకి రావడం అదే మొదలు.

ఇక అసలు సంగతి. అది ఎనిమిదో నెల డిప్పు. ఆదివారం పొద్దున పదకొండింటికి తీయాలి. శనివారం రాత్రి మా ఆవిడ మిగిలిన పదమూడు పేర్లూ కొత్తగా రాసి, ఇంకు ఆరడానికి టేబుల్ మీద పరిచి పడుకుంది. పక్కన మంచం మీద నేను నా ముక్కలు పరిచాను. ఎప్పుడూ, ఎన్నడూ, అప్పుడప్పుడూ లాంటి మాటలు ఎక్కడ పెట్టాలన్నది ఆ రోజు పాఠం. మామూలు క్రియకి ముందు పెట్టాలి. ఈజ్, ఆర్ లాంటివి ఉంటే వాటి తర్వాత పెట్టాలి. ఇంటి మీదే వాక్యాలు రాసుకున్నాను.

మై వైఫ్ నెవర్ లూజెస్ హర్ టెంపర్. ఐ ఆల్వేస్ లూజ్ మై గ్లాసెస్. ది బస్ ఈజ్ ఆల్వేస్ లేట్. వీటితోపాటు పాత పాఠంలోది ఒకటి: మై మదరిన్లా గివ్స్ ది క్యాట్ ది ఫిష్. ఇద్దరున్నప్పుడు పుచ్చుకునేవాళ్ళు ముందు, ఇచ్చే వస్తువు తర్వాత. మా అత్తగారు పులుసు చేసిన రోజు పిల్లికి తలకాయ వేయకుండా అన్నం తినదు, అందుకని ఆ వాక్యం.

కరెంటు పోయింది. ఫ్యాను స్విచ్చి తీయడం మర్చిపోయాను. కరెంటు వచ్చేసరికి ఫ్యాను అయిదు మీదుంది. అటు పదమూడు, ఇటు ముప్పై, అన్నీ ఒక్కసారి లేచి గదంతా తిరిగాయి. అప్పటికి నా కళ్ళజోడు ఎక్కడ పెట్టానో తెలియదు. చేతికి దొరికిన నాలుగు ముక్కలు ఏరి, బస్సు వాక్యం ఒకటి కుదిరిందనిపించుకుని, జిగురు రాసి నోట్‌బుక్కులో అతికించి పడుకున్నాను. మిగతావి పొద్దున చూద్దామనుకున్నాను.

పొద్దున మా అత్తగారు చూసింది. కసువు ఊడుస్తుంటే గదినిండా చీటీలు. ఆమెకి అక్షరాలు ఆనవు. అమ్మాయి లక్ష రూపాయల చీటీలు నేల మీద పడ్డాయని గాబరాపడి, ఒక్కటి కూడా వదలకుండా ఏరి, ఓపిగ్గా చుట్ట చుట్టి, డబ్బాలో వేసి మూత పెట్టింది.

పదకొండింటికి అందరూ వచ్చారు, పాల పిన్ని తప్ప. బట్టల కొట్టు అక్క మనవడు డబ్బాలో చెయ్యి పెట్టాడు. మేడమీద టీచరు చీటీ విప్పి చదివింది.

"ది బస్."

ఎవరూ మాట్లాడలేదు. ఆర్టీసీ వదిన మాత్రం లేచి నిలబడింది. "బస్సంటే మేమే కదా. ఈ వీధిలో కండక్టరు ఇంకెవరుండారు?"

"నీ పేరు ఎప్పుడూ ఆర్టీసీ వదిననే రాస్తాను కదమ్మా" అంది మా ఆవిడ.

ఇంకోటి తీయించారు. "నెవర్" అని వచ్చింది. ఇంకోటి. "హర్ టెంపర్." బట్టల కొట్టు అక్క డబ్బా లాక్కుని తూచింది. "ఏందమ్మా, పదమూడు చీటీలు ఇంత బరువుంటాయా? దొంగ చీటీలేమైనా కలిపినారా?"

ఎనిమిది నెలలుగా ఒక్క మాట పడని మా ఆవిడ ముఖం మాడిపోయింది. నేను వంటింట్లోంచి ఇదంతా వింటూ, ఇంగ్లీషు తరగతిలో చేరని కాలాన్ని తలుచుకున్నాను.

డబ్బా బోర్లించి అన్నీ విప్పారు. తెలుగువి ఒక కుప్ప, ఇంగ్లీషువి ఒక కుప్ప. అక్క తెలుగు కుప్ప లెక్కపెడుతోంది. టీచరుకి పని లేక ఇంగ్లీషు ముక్కలు చాప మీద పేర్చింది. పేర్చి, తల ఎత్తకుండా గట్టిగా చదివింది. "మై వైఫ్ ఆల్వేస్ లూజెస్ హర్ టెంపర్. ఐ నెవర్ లూజ్ మై గ్లాసెస్."

అర్థం కూడా చెప్పింది. అడిగారా ఎవరైనా?

"ఏందయ్యా ఇది?" అంది మా ఆవిడ. నేను బయటికి వచ్చి, నెవర్ అక్కడిది, ఆల్వేస్ ఇక్కడిది, రెండూ తారుమారయ్యాయి, నా వాక్యంలో నీకు కోపమే రాదు అని చెప్పబోయాను. అప్పటికి ఆమెకి వచ్చేసింది.

ఇంతలో పిల్లకాయ తనూ ఒక వరస పేర్చాడు. వాడు యూకేజీ. టీచరు అదీ వదల్లేదు. "ది క్యాట్ గివ్స్ ది ఫిష్ మై మదరిన్లా."

"అంటే?" అంది మా అత్తగారు.

"పిల్లి చేపకి అత్తగారిని ఇస్తుంది."

మా అత్తగారు కాసేపు ఆలోచించింది. "నన్నా? చేపకా?" అంది. తర్వాత నా వైపు చూసి, "నేనేం అన్యాయం చేశాను నాయనా మీకు?" అంది. తువ్వాళ్ళూ సీట్లూ అని నేను వివరించడం మొదలుపెట్టాను గానీ, లక్ష రూపాయల చీటీ ఆగిపోయిన చోట ఎవరికీ వ్యాకరణం పట్టలేదు.

"పన్నెండే ఉండాయి!" అని అరిచింది అక్క. "పాల పిన్నిది లేదు."

సరిగ్గా అప్పుడు పాల పిన్ని గుమ్మంలోకి వచ్చింది. "బర్రె కట్టు తెంచుకోనింది, అందుకే ఆలస్యమైపోయింది. ఎవురికొచ్చింది?"

మా అత్తగారు గోడ వైపు తిరిగి, "రాత్రి అల్లుడుగారు ఏదో అతికిస్తా ఉండారు" అంది. నోట్‌బుక్కు తెప్పించారు. ఆఖరి పేజీలో, చక్కగా, ఒక్క ముడత లేకుండా, జిగురుతో: పాల పిన్ని ఈజ్ ఆల్వేస్ లేట్.

"నన్ను ఇంగ్లీషులో రాసుండాడా?" అని పాల పిన్ని సంతోషపడిపోయింది. "ఏమని రాసుండాడు?"

టీచరు నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, నాతో అంది. "ఈజ్ తర్వాత ఆల్వేస్. కరెక్టుగానే పెట్టారు." ఆ రోజు నాకు దక్కిన మంచిమాట అదొక్కటే.

చీటీ ఊడి రాలేదు. పేజీతో సహా చించి, మడిచి డబ్బాలో వేశారు. మిగతావి సన్నగా చుట్టల్లా ఉంటే అదొక్కటి పుల్లట్టు ముక్కంత ఉంది. పిల్లకాయ చెయ్యి పెట్టగానే ఏది తగులుతుందో చెప్పాలా? లక్ష పాల పిన్నికి వచ్చింది. మళ్ళీ తీయాలని అక్క గొడవపడింది. "చెయ్యి పెట్టింది నీ మనవడే" అని మా ఆవిడ తేల్చేసింది.

తొమ్మిదో నెల డిప్పు దగ్గర పడుతోంది. మొన్న ఆర్టీసీ వదిన ఒక్కతే వచ్చి, తన చీటీ కూడా ఒక వాక్యంలో అతికించమని గుట్టుగా అడిగింది. నిన్న బట్టల కొట్టు అక్క ఏకంగా వాక్యం రాసుకొచ్చింది. "బట్టల కొట్టు అక్క చీటీ దిస్ మంత్ గెట్స్." క్రియ చివర వచ్చింది, దిద్దాలి అన్నాను. "ఎట్టన్నా దిద్దుకో, జిగురు మాత్రం దండిగా రాయి" అంది.

మా అత్తగారు మాత్రం నన్నింకా నమ్మలేదు. పులుసు చేసిన రోజు తలకాయ ముక్క చేత్తో పట్టుకుని, పిల్లి పక్కనే అరుస్తున్నా ఆపి, నన్ను పెరట్లోకి పిలుస్తుంది. "నాయనా, ఒకసారి కళ్ళజోడు పెట్టుకుని చూడండి. ఇదిగో నేను. ఇదిగో పిల్లి. ఇదిగో చేప."