మామిడిపండు మీద తప్పుడు కేసు

ఎండాకాలం వచ్చిందంటే తెలుగు రాష్ట్రాల్లో ఏటా ఒక ఘోరమైన అన్యాయం జరుగుతుంది. దాని మీద ఏ పార్టీ ధర్నా చేయదు, ఏ టీవీ ఛానల్ డిబేట్ పెట్టదు, కాబట్టి ఆ భారం నా నెత్తిన పడింది. విషయం ఏమిటంటే, మామిడిపండుకి అది చేయని నేరానికి మనం శిక్ష వేస్తున్నాం, చేసిన నేరానికేమో సాక్ష్యాల్లేవని వదిలేస్తున్నాం.

ముందు చేయని నేరం సంగతి చూద్దాం. వీపు మీదో మెడ మీదో ఒక సెగ్గడ్డ లేచిందనుకోండి. దగ్గరికొచ్చి చూసేవాళ్లెవరూ ఉండరు, వంటింట్లోంచే తీర్పు వచ్చేస్తుంది: "మామిడిపళ్లు తెగ తిన్నావుగా, వేడి చేసింది." అంతే, అప్పీలు లేదు. సెగ్గడ్డ అంటే వెంట్రుక కుదురులోకి బ్యాక్టీరియా దూరి చీము పట్టడం. మే నెలలో చెమట ఉంటుంది, ఒంటికి అంటుకుపోయే బట్టలుంటాయి, గోకుడు ఉంటుంది, అదే నెలలో మామిడిపళ్లూ ఉంటాయి. చుట్టుపక్కల కనిపించాడు కాబట్టి వీడే చేసుంటాడని స్టేషన్‌కి పట్టుకుపోయే పద్ధతి ఇది. పుచ్చకాయ కూడా అదే నెలలో అదే ఫ్రిజ్‌లో ఉంది కదా, దాన్ని ఒక్కరైనా ప్రశ్నించారా? లేదు, అది చలవ చేసే వంశంలో పుట్టింది.

ఇక చేసిన నేరం. దీనికి ఘటనాస్థలాన్ని కాస్త దగ్గరగా చూడాలి. నూజివీడు చిన్నరసం ఒకటి తీసుకుంటాం. రెండు అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా, లోపల టెంక కదిలేదాకా నెమ్మదిగా పిసుకుతాం. తర్వాత ముచ్చిక దగ్గర పంటితో కొరికి, ఆ తొక్క ముక్క పక్కన ఉమ్మేసి, నోరానించి జుర్రుతాం. మూతి వాచేలా చేసే సొన (తొడిమ దగ్గర కారే జిగురు రసం) ఎక్కువగా ఉండేది ఎక్కడ? సరిగ్గా ఆ ముచ్చిక చుట్టూనే. పండులో ఉన్న లక్షా తొంభై చోట్లు వదిలేసి, దొంగసరుకు ఎక్కడ దాచారో అక్కడే మూతి పెట్టడం మన జాతి ప్రత్యేకత. గడ్డం మీదికి కారినదాన్ని మణికట్టుతో తుడుచుకుని, ఆ మణికట్టునీ నాకేస్తాం కాబట్టి సాక్ష్యాలు కూడా మిగలవు.

ఒకటి రెండు రోజులు పోయాక మూతి చుట్టూ ఎర్రబడుతుంది. చిన్నచిన్న పొక్కులు, నిద్ర పట్టనివ్వని దురద, పెదవుల చివర్లలో పగుళ్లు, ఆ తర్వాత పొట్టు లేవడం, చివరికి ఒక నల్లటి మచ్చ. ఇది వెంటనే వచ్చే అలర్జీ కాదు. చర్మంలోని రక్షణ కణాలు ఫైలు కదిపి, పాత రికార్డులు తిరగేసి, నింపాదిగా స్పందించే రకం. మామిడిపండుకి ఇంతకన్నా మంచి లాయర్ దొరకడు. మూతి వాచే సమయానికి పండు జీర్ణమైపోయి ఉంటుంది, టెంక చెత్తబండి ఎక్కి ఊరి బయటికి పోయి ఉంటుంది.

అప్పుడు మొదలవుతుంది దర్యాప్తు. మొదటి నిందితుడు కొత్త టూత్‌పేస్ట్. ఆడవాళ్లయితే లిప్‌స్టిక్, మగవాళ్లయితే షేవింగ్ బ్లేడు. రాత్రి మూతి మీద ఏదో పురుగు పాకిందన్నది అత్తగారి అభిప్రాయం. కాలనీలో కాస్త చదువుకున్నాయన "కార్బైడ్ అండీ, అంతా కార్బైడ్" అంటాడు. కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం, దాన్ని వెనకేసుకొచ్చే ఉద్దేశం నాకు లేదు. కానీ సొంత దొడ్లో చెట్టు మీద ముగ్గిన పండు తిని కూడా మూతి వాచినవాళ్లున్నారే, మరి ఆ కొమ్మ మీదికి కార్బైడ్ ఎవరు మోసుకెళ్లారు? ఇవేవీ తేలకపోతే చివరికి దిష్టి. నల్లజీడి గింజకి సూది గుచ్చి దీపం మీద కాల్చి దిష్టి తీస్తారు. ఆ నల్లజీడి ఎవరనుకున్నారు? మామిడికి సొంత చుట్టం. నిందితుడి బంధువునే పిలిపించి శాంతి చేయిస్తున్నాం.

కుటుంబం సంగతి వచ్చింది కాబట్టి వంశవృక్షం కూడా చెప్పేస్తాను. మామిడి, జీడిమామిడి, నల్లజీడి, పిస్తా, అమెరికా అడవుల్లోని పాయిజన్ ఐవీ తీగ, జపాన్‌వాళ్లు లక్కసామానుకి పూత తీసే చెట్టు, అన్నీ అనకార్డియేసి అనే ఒకే కుటుంబం. పాయిజన్ ఐవీలో ఉండే ఉరుషియాల్ అనే జిడ్డు రసాయనానికి తమ్ముళ్లలాంటివి మామిడి తొక్కలోనూ సొనలోనూ ఉంటాయి. లోపలి గుజ్జులో మాత్రం చాలా తక్కువ. పూర్వం రజకులు బట్టల మీద గుర్తు పెట్టింది నల్లజీడి రసంతోనే. ఆ గుర్తు తగిలిన చోట మెడ మీద పొక్కులు లేస్తుంటే, అప్పట్లో దొరలు అది మన చాకిరేవు జబ్బని పుస్తకాల్లో రాసుకున్నారు.

ఈ వంశం అమెరికా దాకా మనవాళ్లని వెంటాడుతుంది. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కున్న మన సాఫ్ట్‌వేర్ సోదరుడు పెరట్లో కలుపు పీకుతూ పాయిజన్ ఐవీ తగిలించుకుంటాడు, ఎలాగో తగ్గుతుంది. ఒంట్లో మాత్రం ఆ పగ అలాగే ఉండిపోతుంది. ఆ పైన ఇండియన్ స్టోర్‌లో బంగినపల్లి పెట్టె కనిపిస్తే ఆవేశపడి కొని, తొక్కతో సహా చీకి, పెదవులు దిబ్బరొట్టెల్లా చేసుకుంటాడు. మన మామిడిపళ్లని అమెరికా 2007 నుంచి రానిస్తోంది, అదీ పురుగు పోవడానికి రేడియేషన్ ఇచ్చాకే. కాబట్టి అక్కడ నింద రేడియేషన్ మీద పడుతుంది. ఏ దేశంలోనైనా మామిడి తప్ప అందరూ నేరస్థులే.

"ముప్పై ఏళ్లుగా తింటున్నా, ఎప్పుడూ రానిది ఇప్పుడేంటి?" అనే వాదన ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఒళ్లు ఒకసారి ఎదురుతిరగాలంటే అంతకుముందు కనీసం ఒక్కసారైనా, కొందరికి ఎన్నోసార్లు, ఆ పదార్థం తగిలి ఉండాలి, అసలు ఈ అలర్జీ పుట్టేదే అలా. అందరికీ రాదు, వచ్చినవాళ్లకి వదలదు. (తిన్న కాసేపటికే నాలుక వాచి, ఊపిరి ఆడకపోతే మాత్రం అది వేరే కథ. ఈ వ్యాసం చదవడం ఆపి ఆసుపత్రికి పరిగెత్తండి.)

ఆవకాయ రోజున ఏం జరుగుతుందో కూడా చూడండి. కాయలు కడిగి తుడిచి, కత్తిపీట మీద టెంకతో సహా ఠకాఠకా కొట్టేసే వీరుడు పని ముగించుకుని కాఫీ తాగుతుంటాడు. ఆ తర్వాత గంటల తరబడి ఒక్కో ముక్కలోంచి జీడి తీసి, పొర గీకి, గుడ్డతో తుడిచేది ఇంట్లో ఆడవాళ్లు. సాయంత్రానికి గోళ్ల చుట్టూ నల్లబడుతుంది, వేళ్ల సందుల్లో చురచుర. "కారం ఘాటు వదినా, ఈసారి గుంటూరు మిరప గట్టిది," అని సర్దిచెప్పుకుంటారు. అప్పటికి కారం డబ్బా మూత ఇంకా తీయనేలేదు.

జీడిపప్పు తీసే ఊళ్లు పలాస, కాశీబుగ్గల్లో అయితే ఇది నవ్వుకునే విషయం కాదు. జీడిమామిడి గింజ పెంకులో ఉండే నూనె అరచేతుల తోలు ఊడగొడుతుంది. పిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్లు చేతులకి నూనో బూడిదో రాసుకుని పనిచేస్తారు. ఆ పప్పే పెళ్లిభోజనంలో పాయసం మీద తేలుతుంది, ఏరుకుని తింటాం.

మనిషి చర్మం సంగతి ఎలా ఉన్నా, పండు చర్మానికి మాత్రం సొన నుంచి పూర్తి భద్రత ఉంది. ఎగుమతికి పోయే కాయని కాస్త తొడిమ ఉంచి కోస్తారు, నీడలోకి తెచ్చి తొడిమ తుంచి తలకిందులుగా పెట్టి సొనంతా కారనిస్తారు, ఆ తర్వాత కడుగుతారు. ఎందుకంటే సొన పడితే తొక్క మాడినట్టు నల్లమచ్చ వస్తుంది, మచ్చ వస్తే ధర పడిపోతుంది. తెలుగువాడి మూతికి మార్కెట్లో రేటు లేదు కాబట్టి దాని మీద మచ్చ పడినా ఎవరికీ నష్టం లేదు.

పళ్లకి రాజుగారైన మామిడి సంగతి అలా ఉంచితే, ఆస్థానంలో మిగతావాళ్లూ తక్కువ తినలేదు. అనాసలో మాంసకృత్తుల్ని కరిగించే ఎంజైమ్ ఉంది, నాలుక మండిపోతుంటే ఇంకాస్త ఉప్పుకారం చల్లుకుంటాం. ఇక నిమ్మకాయ. మొహం తెల్లబడుతుందని ఎవరో వీడియోలో చెబితే నిమ్మరసం పులుముకుని ఎండలోకి పోయే మహానుభావులున్నారు. నిమ్మతొక్కలోనూ రసంలోనూ ఉండే కొన్ని పదార్థాలు ఎండ తగిలితే చర్మాన్ని కాలుస్తాయి, ఆ గోధుమరంగు మచ్చలు వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. తెల్లబడడానికి రాసుకుంటే నల్లబడ్డారు కాబట్టి, ఇంకా కాయలు తెప్పిస్తారు.

ఇంతకీ అమ్మమ్మలు పళ్లని బకెట్లో నానబెట్టేవారు, "వేడి పోతుందర్రా" అని. వేడి సంగతి నాకు తెలియదు గానీ, ముచ్చిక కోసి కాసేపు నీళ్లలో ఉంచి, తొక్క మీది సొన పోయేలా రుద్ది కడిగితే మూతికి చాలా మేలు. సొన జిడ్డు కాబట్టి, తిన్నాక చేతులూ మూతీ సబ్బుతో కడుక్కుంటే ఇంకా మేలు. తప్పుడు సెక్షన్ కింద సరైన శిక్ష వేసిన ఒకే ఒక్క న్యాయమూర్తి అమ్మమ్మ.

మా బావగారికి ఈ ఏడు మూతి చుట్టూ కోటగోడలా పొక్కులు లేచాయి. చర్మం డాక్టర్ చూసీ చూడగానే "రసాలా?" అంది. బావగారు బంగినపల్లి అని బుకాయించబోయి, ఆవిడ చూపు చూసి ఒప్పుకున్నాడు. పూర్తిగా మానేయమని ఆవిడ అంటే, మే నెల మధ్యలో ఆ మాట అనడానికి మీకు మనసెలా వచ్చిందండీ అని ఈయన బతిమాలాడు. అరగంట చర్చల తర్వాత ఒప్పందం కుదిరింది: ముందు మూతి పూర్తిగా తగ్గాలి, ఆ తర్వాత పండు ఇంకొకరు కడిగి, తొక్క మందంగా తీసి, ముక్కలు కోసి ఇస్తే ఫోర్కుతో తినొచ్చు, మళ్లీ దురద మొదలైతే అదీ బంద్. టెంక ముట్టుకోకూడదు. పొక్కులు మానిపోయాయి, ఇప్పుడాయన డైనింగ్ టేబుల్ దగ్గర ఫోర్కు పట్టుకుని అతిథిలా కూర్చుంటున్నాడు. టెంకల హక్కు పిల్లలకి బదిలీ అయింది, వాళ్లు ఎదురుగా కూర్చుని మరీ చీకుతున్నారు. సోమవారం మళ్లీ డాక్టర్ దగ్గరికి వెళ్తున్నాడట. మచ్చ కోసం కాదు, టెంక విషయంలో తీర్పు పునఃపరిశీలించమని అడగడానికి.