"నాలా అయిపాయ సార్!"

మా అనంతపురం జిల్లాలో చెనిక్కాయ వేయాలంటే అదనుకు వాన పడాలి, విత్తనం దొరకాలి, బ్యాంకువాళ్లు కరుణించాలి. ఇవేవీ అక్కర్లేని పంట ఒకటుంది. పసుపు రంగు పూసిన హద్దురాళ్లు. 44వ నంబరు హైవే పక్కన తెల్లారేసరికి మొలిచేస్తాయి. తెగులు సోకదు, అడవిపందులు ముట్టవు.

మొన్న అలాంటి చేనొకటి చూడబోయాను. మెడలో కార్డు వేసుకున్న కుర్రాడు మజ్జిగ ప్యాకెట్ చేతిలో పెట్టి, "నాలా అయిపాయ సార్, ఇంకేం భయం?" అన్నాడు. నాలా అంటే సాగుభూమిని వేరే అవసరాలకు మార్చుకునే అనుమతి. మరి లేఅవుట్ అప్రూవల్? "నాలా అయిపాయ సార్!" 2006 చట్టం కింద రెవెన్యూ వాళ్లిచ్చిన నాలా వేరు, ప్లాట్లు వేయడానికి పట్టణాభివృద్ధి సంస్థ ఇచ్చే ఆమోదం వేరు. ఈ సంగతి కుర్రాడికి నాకన్నా బాగా తెలుసు. అసలు నాలా లేకుండానే భూమి మార్చేసినా ఆ చట్టం వేసిన జరిమానా, కట్టాల్సిన పన్ను మీద ఇంకో సగమే. 2025లో ఆ చట్టాన్నే ఎత్తేశారయ్యా అని చెబితే వాడి ముఖం వెలిగిపోయింది. "చూసినారా సార్, ఇప్పుడు నాలా కూడా అక్కర్లేదు!"

ఇక పార్కు. నిబంధనల ప్రకారం 10 శాతం ఖాళీ స్థలం వదలాలి గదా. వదిలారు. అందులో ఒక ఉయ్యాల, ఒక సిమెంటు జింక. మేం ఫేజ్ టూ చూడ్డానికి కారెక్కుతుంటే ఇద్దరు కూలీలు ఆ జింకను లగేజీ ఆటోలోకి ఎక్కిస్తున్నారు. మేం వెళ్లేసరికి అది అక్కడి పార్కులో నిలబడి ఉంది, చెవి విరిగి. "ఇది వేరే జింక సార్" అన్నాడు కుర్రాడు, కళ్లార్పకుండా. వెనకాల గ్రామ పటంలో వంక (వాగు) ఉన్నచోట బ్రోచర్లో "లేక్ వ్యూ" అని ఉంది. గజానికి ఐదొందలు ఎక్కువట.

2022 అక్టోబరులో నడిమి వంక పొంగి అనంతపురంలో కాలనీలకు కాలనీలే మునిగినప్పుడు ఆ వ్యూ అందరం చూశాం. చంటిపిల్లల్ని భుజాన వేసుకుని నడుంలోతు నీళ్లలో నడిచింది ఎవరు? అప్పుచేసి రెండు సెంట్లు కొనుక్కున్నవాళ్లు. వంకను గజాల్లెక్కన అమ్మినోడు ఆ నీళ్లలో కాలు పెట్టాడా?

ఇక ఆమోదం లేని లేఅవుట్లకు డబ్బు కట్టించుకుని ఆమోదమిచ్చే క్రమబద్ధీకరణ. 2007లో ఒకసారి, 2020లో ఇంకోసారి. పార్కు స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం కట్టమని 2020లో రాశారు. కట్టేది ఎవరు? పార్కు మింగినోడు కాదు, ప్లాటు కొన్నోడు! దొంగ సొత్తు దొంగ దగ్గరే ఉంచి, పోగొట్టుకున్నవాడి దగ్గర రశీదు చింపే ఈ ఏర్పాటుకు ఫైలు మీద సంతకం పెట్టేటప్పుడు ఒక్కరికైనా చెయ్యి వణకలేదా?