మినిమల్ పెయిర్ పరీక్ష వారికి ఒక టగాలోగ్ అర్జీ

మహారాజశ్రీ మినిమల్ పెయిర్ పరీక్ష వారి దివ్యసముఖానికి,

నమస్కరించి వ్రాసుకునే విన్నపం. ఒకే ఒక్క ధ్వని మారినంత మాత్రాన అర్థం మారిపోయే రెండు మాటలను చూపిస్తే ఆ ధ్వనులు వేర్వేరు వర్ణాలని, అలాంటి జంట దొరక్కపోగా ఒకటి వచ్చే చోట రెండోది రాకపోతే అవి ఒకే వర్ణానికి సవర్ణాలని, అంటే ఒకే వర్ణం తాలూకు వేర్వేరు రూపాలని తమరు క్షణంలో తేల్చేస్తారు. పాట, బాట అనగానే మా ప, బ లను విడదీసిన తమ చురుకుదనం మాకు తెలియనిది కాదు. అటువంటి తమరి దగ్గర ఫిలిప్పీన్స్ వారి టగాలోగ్ హల్లుల వ్యవహారం ఇంతకాలం ఎందుకు నలుగుతోందో అడగడానికే ఈ లేఖ.

ముందుగా ద, ర ల సంగతి. ‘దుమి’ అంటే మురికి, ‘మరుమి’ అంటే మురికిగా ఉన్నది. ‘బాయద్’ అంటే చెల్లింపు, దానికి ప్రత్యయం చేరితే ‘బయరాన్’. మాట మొదట, చివర, హల్లు పక్కన ద. రెండు అచ్చుల నడుమ ర. ఇంత పద్ధతిగా చోట్లు పంచుకున్న ధ్వనులను ఒకే వర్ణమనడానికి తమరికి సాక్షులు కూడా అక్కర్లేదు. అక్కడి పాత లిపి బైబాయిన్ రెండింటికీ ఒకే అక్షరం పెట్టుకుని, తమరు పుట్టకముందే తమ తీర్పు రాసి ఉంచింది.

అయితే 1565లో స్పెయిన్ వారు ఆ దీవుల్లో స్థిరపడ్డారు. వారి భాష నుంచి ర తో మొదలయ్యే ‘రెలో’ వచ్చింది, అచ్చుల మధ్య ద ఉన్న ‘ఎదాద్’ వచ్చింది. మొదటిది గడియారం, రెండోది వయసు. అరువు మాటలు కదా, లెక్కలోకి రావని తమరు తప్పించుకోవచ్చు. ‘దమ్‌దమ్’ అనే సొంత ధాతువు దగ్గర ఆ వీలు లేదు. దాని నుంచే ‘మదమ్‌దామిన్’ పుట్టింది, ‘మరమ్‌దామిన్’ కూడా పుట్టింది. మొదటిది భావోద్వేగం నిండిన ప్రసంగానికో సన్నివేశానికో చెప్పే మాట. రెండోది అయినదానికీ కానిదానికీ నొచ్చుకునే మనిషికి తగిలించే విశేషణం. ఒకే ధాతువు, ఒకే ఉపసర్గ, రెండు అచ్చుల మధ్య అదే చోటు; అయినా ఒకదానిలో ద కదలలేదు, రెండోదానిలో ర అయింది, అర్థాలు వేరయ్యాయి. తమరికి కావలసిన జంట ఇంతకంటే నికార్సుగా ఎక్కడ దొరుకుతుంది? వెంటనే తమరు పాత తీర్పు కొట్టేసి, ద, ర వేర్వేరు వర్ణాలని ప్రకటించారు.

అక్కడి జనానికి ఆ ప్రకటన అందినట్టు లేదు. ‘ఇక్కడ’ అనడానికి హల్లు తర్వాత ‘దితో’, అచ్చు తర్వాత ‘రితో’ అని వ్యాకరణం ఇప్పటికీ నేర్పుతోంది. ముందు మాట చివర ‘రా’, ‘రి’ లాంటివి ఉంటే మళ్ళీ ‘దితో’యే రాయాలని ఒక మినహాయింపు కూడా జోడిస్తోంది. వస్తాడనడానికి ‘దరతింగ్’ అనవలసిన చోట ‘దదతింగ్’ అనేవారికి కొదవ లేదు. విడాకులు మంజూరైన తర్వాత కూడా ఒకే ఇంట్లో వండుకు తింటున్న ఈ దంపతులను ఏ పట్టికలో ఏ గడిలో రాయాలి?

గొంతును టక్కున మూసి పలికే హల్లుకు తమ దగ్గర జరిగిన మర్యాద చూస్తే ముచ్చటేస్తుంది. చివర అలా బిగిస్తే ‘బాత’ అంటే పిల్లవాడు, బిగించకపోతే స్పానిష్ నుంచి వచ్చిన ఇంటి అంగీ. తమ పరీక్షలో ఒక్క దెబ్బకు నెగ్గిన ఈ హల్లుకు 20 అక్షరాల పాత వర్ణమాల అబకాదలో చోటు లేదు, 1987 నాటి 28 అక్షరాల వర్ణమాలలోనూ లేదు. అచ్చు మీద పెట్టే గుర్తులు ఉన్నా రోజువారీ రాతలో వాటిని పట్టించుకునేవారు అరుదు. పైగా మనీలా పలుకుబడిలో వాక్యం నడుమ ఆ హల్లు జారిపోయి, దాని ముందరి అచ్చు సాగుతుంది. మా వర్ణమాలలో ఙ పరిస్థితి సరిగ్గా తలకిందులు: అక్షరం ఉంది, దానితో మొదలయ్యే మాట లేదు. టగాలోగ్‌లో అదే ధ్వనితో ‘ఇప్పుడు’, ‘దంతం’ అనే అర్థాలిచ్చే మాటలు నిక్షేపంగా మొదలవుతాయి.

ఇక ‘సియ’. అతడు, ఆమె ఇద్దరికీ అదే మాట. వేగంగా అంటే ‘ష’ అని వినిపిస్తుంది. ‘స’ అనేది విభక్తి వంటి మరో మాట. తమ సూత్రం ప్రకారం స, ష వేర్వేరు వర్ణాలు కావాలి. అది స, య ల కలయికే తప్ప కొత్త వర్ణం కాదని వాదించే వ్యాకర్తలూ ఉన్నారు. రెండు మాటల మధ్య తేడా ఉందో లేదో చెప్పగల తమరు, ఆ తేడా ఒక ధ్వనిదా రెండింటిదా అని అడిగితే మాత్రం మౌనం వహిస్తారు.

కాబట్టి తమరు ‘మరమ్‌దామిన్’ను చూపించి ద, ర లు వేరని రాసే ప్రతిచోటా, ఆ పక్కనే ‘దితో’, ‘రితో’లను కూడా చేర్చి రాయవలసిందిగా ప్రార్థన. ఈ మాటకు తమరు మరీ మరమ్‌దామిన్ అయిపోరని ఆశిస్తూ,

భవదీయుడు,
హల్లుల పట్టిక నింపలేక కూర్చున్న ఒక పాఠకుడు