మహారాజశ్రీ ఖరీదైన చుట్టగారి సముఖమునకు

ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు సీడార్ చెక్క పెట్టెలో, 68 శాతం తేమలో, 18 డిగ్రీల చల్లదనంలో క్షేమంగా ఉన్నారని తలుస్తాను. తమరి పెట్టెకు తేమ కొలిచే గడియారం ఉంది, తేమ తగ్గితే నీళ్ళు పోసే మనిషి ఉన్నాడు. ఆ మనిషికి ఒళ్ళు వెచ్చబడితే చూసేవాళ్ళున్నారో లేదో తెలియదు గాని, తమరి పైఆకు మీద చిన్న పగులు వస్తే ఆయనకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

ఈ లేఖ ఒకే ఒక ప్రశ్న కోసం. తమరికి అంత ధర ఎందుకు? నాలుగైదు చోట్ల అడిగాను. ప్రతిచోటా జాలిగా నవ్వి, "అది తాగితేనే తెలుస్తుంది" అన్నారు. సరే అని తాగాను. తాగాక కూడా తెలియకపోవడం వల్లే ఈ ఉత్తరం.

ముందు తమరి తరఫున మాట్లాడతాను. తమరిలో కష్టం లేదని ఎవరైనా అంటే నేనే గొడవకు దిగుతాను. క్యూబాలో పినార్ దెల్ రియో అనే పడమటి జిల్లా, అందులో వుయెల్తా అబాహో అనే ఎర్రమట్టి నేల. పైఆకు కోసం పెంచే మొక్కలకు ఎండ తగలకుండా పొలం పొలమంతా పల్చటి గుడ్డ పందిరి వేస్తారు. ఆకులను ఒకేసారి తెగ్గొట్టరు. కింది నుంచి మొదలుపెట్టి రెండు మూడు చొప్పున, కొన్ని రోజులు ఆగి మళ్ళీ రెండు మూడు. తర్వాత కొట్టంలో కర్రలకు గుచ్చి వారాల తరబడి ఆరబెడతారు, పచ్చదనం పోయి గోధుమరంగు తేలేదాకా. ఆపైన కుప్ప వేస్తారు. పేడకుప్పలాగే ఆ కుప్ప లోలోపల తనంతట తానే వేడెక్కుతుంది, ముక్కు పగిలే అమ్మోనియా ఘాటు వదిలించుకుంటుంది. కుప్ప విప్పి, తిరగేసి, మళ్ళీ వేస్తారు. ఇదంతా అయ్యాక ఏళ్ళ తరబడి బేళ్ళలో నిద్ర.

చుట్టే మనిషి దగ్గరికి వచ్చేసరికి ఆకుకు ఉద్యోగం ఖాయమై ఉంటుంది. వొలాదో అనే కింది ఆకు మండడానికి, సెకో అనే నడిమి ఆకు వాసనకు, లిహెరో అనే, మొక్క పైభాగాన కాసే ఆకు ఘాటుకు. ఈ మూడింటినీ తగిన పాళ్ళలో గుప్పిట్లో కూర్చి, ఒక ఆకుతో కట్టి, దాని మీద పట్టుచీరలాంటి పైఆకు చుట్టి, చంద్రవంకలాంటి కత్తితో అంచు కోసి, తలకు టోపీ అంటిస్తే తమరు. మంచి పనివాడు రోజుకు సుమారు వంద చుడతాడు. ఏ మడతలో కాస్త బిగువు ఎక్కువైనా పొగ రాదు, తక్కువైనా గొట్టంలా భగ్గున మండుతుంది. చేత్తో చేసే పనుల్లో ఇంత నేర్పు అడిగేవి నాకు ఎక్కువ తెలియవు.

ఇంకో ముచ్చట. 1865 నుంచి హవానా ఫ్యాక్టరీల్లో చుట్టేవాళ్ళకు వినిపించడానికి ఒక చదువరి ఉంటూ వచ్చాడు. పేపర్లూ నవలలూ గట్టిగా చదవడమే అతని ఉద్యోగం. మొదట్లో అతనికి జీతం ఇచ్చింది యజమాని కాదు, చుట్టేవాళ్ళే తలా కొంత వేసుకున్నారు. అలా విన్న ఒక ఫ్రెంచి నవల మీద మోజుతోనే మాంటెక్రిస్టో అనే బ్రాండుకు ఆ పేరు వచ్చిందంటారు. మా ఆఫీసులో ఎవరైనా ఇలా నవలలు చదివితే నేనూ ఇంకాస్త నాణ్యంగా పనిచేసేవాణ్ణేమో. మాకు వినిపించేది టార్గెట్లు.

ఇంతవరకూ తమరి పక్షమే. ఇప్పుడు లెక్క.

పైన చెప్పిన కష్టం అంతా, అక్షరం పొల్లుపోకుండా, నికరాగువాలోని ఎస్తెలీలో చుట్టిన పది పన్నెండు డాలర్ల చుట్టలో కూడా ఉంది. 1960లో క్యూబా ప్రభుత్వం చుట్టల ఫ్యాక్టరీలను స్వాధీనం చేసుకున్నాక దేశం వదిలిన కుటుంబాలు ఆ విద్యను వెంట పట్టుకెళ్ళాయి. నికరాగువాలో, డొమినికన్ రిపబ్లిక్‌లో అదే పని. అదే కుప్ప, అదే కత్తి, అదే గుప్పిట. కష్టానికి ధర పది పన్నెండు డాలర్లయితే, తమరి మెడ మీద ఉన్న రెండు వందల పైచిలుకులో మిగిలినదంతా దేనికి?

అరుదు అంటారు. ఒప్పుకుంటాను, కొంత నిజమే. తమరి వంశంలో, కొహీబా అనే బ్రాండులో, బెహీకే అని 2010లో మార్కెట్లోకి వచ్చింది. అందులో మెదియో తియెంపో అనే ఆకు వేస్తారు. మొక్క కొసన వచ్చే ఆకులు రెండే, అవీ అన్ని మొక్కలకూ రావు. బాగుంది. కానీ అంతకు ముందు 2006లో కొహీబా నలభయ్యో ఏట అదే పేరుతో 4,000 చుట్టలు మాత్రమే చేసి, 40 చొప్పున 100 పెట్టెల్లో పెట్టి అమ్మారు. పొలంలో ఆకు కొరత దేవుడు పెట్టినదనుకుందాం. వంద పెట్టెల కొరత కాయితం మీద మనిషి రాసుకున్నది.

2022 సంగతి మరీ విచిత్రం. కొహీబా, ట్రినిదాద్ అనే బ్రాండ్ల చుట్టల ధరలను ప్రపంచమంతటా హాంగ్‌కాంగ్ ధరలతో సమానం చేస్తామని క్యూబా చుట్టలమ్మే హబానోస్ కంపెనీ చెప్పింది. కొన్ని దేశాల్లో రెట్టింపు దాటింది. ఆకు మారలేదు, చెయ్యి మారలేదు, అంతకుముందే చుట్టి పెట్టెలో పడుకున్న చుట్ట కూడా మారలేదు. తెల్లారి లేచేసరికి దాని విలువ పెరిగింది. జనం అలిగి మానేశారా? 2023లో ఆ కంపెనీ రాబడి 72 కోట్ల డాలర్లు, అంతకు ముందటి ఏడాదికి 31 శాతం ఎక్కువ. వంకాయల ధర ఇలా పెంచితే జనం బెండకాయలకు వెళ్తారు. తమరి ధర పెరిగితే, "ఇంతకుముందు తక్కువకు తాగి తప్పు చేశామా" అని సిగ్గుపడతారు.

నిషేధం కూడా తమరికి నగే అయింది. 1962లో అమెరికా అధ్యక్షుడు కెనడీ క్యూబాతో వ్యాపారాన్ని నిషేధించే ముందురోజు సాయంత్రం తన ప్రెస్ కార్యదర్శి పియరీ సాలింజర్‌ను పిలిచి, రేపటికల్లా వెయ్యి చుట్టలు కావాలన్నాడట. సాలింజర్ 1,200 తెచ్చాడు. అవి లెక్క తేలాకే కెనడీ సంతకం పెట్టాడని సాలింజరే తర్వాత చెప్పుకున్నాడు. ఒక దేశం చట్టం తెచ్చి మరీ వద్దన్నదంటే అందులో ఏదో ఉందని పక్కవాడికి అనిపించదా?

ఆ మధ్య 2017లో చర్చిల్ సగం కాల్చి వదిలేసిన చుట్ట ముక్క వేలంలో 12 వేల డాలర్లు దాటి పోయింది. అది వెలగదు, వెలిగినా పీల్చే ధైర్యం ఎవరికీ ఉండదు. పొగాకు వాటా తీసేస్తే మిగిలే ధర ఎంతో కొలవాలంటే ఇంతకన్నా మంచి ప్రయోగం నేను ఊహించలేను. పన్నెండు వేలూ ఎంగిలికే.

ఇక తమరి దొంగ చుట్టాలున్నారు. గాజు మూత పెట్టెలో కొహీబా అమ్మజూపితే అది నకిలీ అని తెలిసినవాళ్ళు పెట్టె తెరవకుండానే చెబుతారు. అయినా సెలవుల్లో బీచిలో కొన్నవాళ్ళు దాన్ని ఇంటికి తెచ్చి, కళ్ళు మూసుకుని, కోకో, తోలు, తడిసిన మట్టి రుచులు చెబుతూనే ఉంటారు. (తోలు రుచి అంటే పెద్ద మెప్పు. వీళ్ళు తోలు ఎప్పుడు నమిలారో అడగడం మర్యాద కాదని ఊరుకున్నాను.)

2022 సెప్టెంబరులో ఇయాన్ తుఫాను పినార్ దెల్ రియో మీద పడి వేలాది పొగాకు కొట్టాలను నేలమట్టం చేసింది. ఆ వార్త చూసి ఒక మిత్రుడు ఫోన్ చేశాడు. పాపం రైతులు అంటాడనుకున్నాను. "నా దగ్గరున్న పాత పెట్టెల రేటు ఎంత పెరగొచ్చంటావు?" అన్నాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. తమరిని దృష్టిలో పెట్టుకునే అని ఉంటారని అప్పుడే అర్థమైంది.

హవానాలో ఏటా జరిగే పండగలో చుట్టల పెట్టెలను వేలం వేస్తారు. 2024లో ఆ ఒక్క రాత్రి కోటిన్నర యూరోలు దాటింది. ఆ డబ్బు ఎక్కడికి పోతుందో తెలుసు కదా? క్యూబా ప్రజారోగ్యానికి. పొగ మింగకపోయినా నోటికీ గొంతుకూ క్యాన్సర్ తెచ్చే సరుకు ఆసుపత్రికి విరాళం ఇవ్వడం, ఒకరకంగా, ముందుచూపే. రోజుకు ఇరవై కాల్చిన ఫ్రాయిడ్‌కు 1923లో దవడ క్యాన్సర్ బయటపడింది. ముప్పైకి పైగా ఆపరేషన్లయ్యాయి, చుట్ట మాత్రం మానలేదు. మనసు లోతులు తవ్విన మనిషే తమరి ముందు చేతులెత్తేశాడు, నేనెంత.

ఇక్కడితో ఈ తమరు, గిమరు వదిలేస్తాను. మన మధ్య జరిగింది చెప్పాలంటే నువ్వు అనాల్సిందే.

ఏడేళ్ళ క్రితం ఒక మిత్రుడు రెండు చుట్టలు ఇచ్చాడు. ఒకటి నువ్వు. రెండోది పన్నెండు డాలర్లది. పొడవూ లావూ అచ్చంగా ఒకటే, రంగులో వెంట్రుకవాసి తేడా. రెండోదాన్ని ఎప్పుడైనా తాగొచ్చు అనుకున్నాను. నిన్ను మాత్రం మంచి సందర్భం వస్తే గాని ముట్టించకూడదనుకున్నాను. చిన్న పెట్టె కొన్నాను, తేమ గడియారం కొన్నాను. ప్రమోషన్ వచ్చింది, నీ స్థాయికి అది చాలదనిపించింది. అప్పు తీరింది, అప్పు తీరినవాడు రెండు వందల డాలర్లు తగలెయ్యడం బాగుండదనిపించింది. కూతురి పెళ్ళి జరిగింది, ఆ రోజు నువ్వే గుర్తు రాలేదు. నీకు తగ్గ సందర్భం నా జీవితంలో లేదని నువ్వొచ్చాకే తెలిసింది. అంతకుముందు నా బతుకు నాకు బాగానే ఉండేది.

మధ్యలో రెండేళ్ళు పెట్టెలో నీళ్ళు పోయడం మర్చిపోయాను. ఆకు ఎండి మీరిద్దరూ సన్నబడ్డారు. తెరిచేసరికి మీ ఒంటికి చుట్టిన, బ్రాండు పేరున్న ఉంగరాలు రెండూ జారి పెట్టె అడుగున పడి ఉన్నాయి. బంగారు ఉంగరం ఒకటి, మామూలు కాయితం ఉంగరం ఒకటి, పక్కన దిగంబరంగా ఇద్దరు. ఎవరిది ఏది?

వాసన చూశాను. వెలుతురులో తిప్పి చూశాను. నరాలు తక్కువ కనపడ్డదానికి బంగారు ఉంగరం తొడిగి, నీళ్ళు పోసి మూత వేశాను. నెల తర్వాత నలుగురిని పిలిచి దాన్ని ముట్టించాను. మొదటి మూడోవంతులో బాదం, రెండో మూడోవంతులో కాఫీ, చివర్లో మిరియం అని నేనే చెప్పాను. నలుగురూ తలలూపారు. ఒకాయన, "తేడా తెలుస్తోందండీ" అన్నాడు. దేనితో తేడానో అడగలేదు. 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ను పది డాలర్లదని ఒకసారి, తొంభై డాలర్లదని ఒకసారి చెప్పి తాగించి మెదడు స్కాన్ చేశారు. తొంభై అన్నప్పుడు ఆనందం కలిగించే భాగం నిజంగానే ఎక్కువ పనిచేసింది. అంటే ఆ రోజు మేం అబద్ధం ఆడలేదు. బాదం నిజంగానే తగిలింది. ఆకులోంచి వచ్చిందో ఉంగరంలోంచి వచ్చిందో ఆ దేవుడికే తెలియాలి.

కాయితం ఉంగరంది మిగిలిపోయింది. మొన్న పెట్టె తెరిస్తే దాని ఒంటి నిండా గుండుసూదితో పొడిచినట్టు రంధ్రాలు, అడుగున పిండిలాంటి పొడి. పొగాకు పురుగు. గుడ్డు ఆకులోనే వచ్చి ఉంటుంది, వెచ్చబడితే పొదుగుతుంది. అందుకే బుద్ధిమంతులు చుట్టల్ని ముందు డీప్ ఫ్రీజర్లో పెడతారట. ఆ పురుగుకు ఉంగరం చదవడం రాదు. ఈ వ్యవహారంలో ఏ ధరా తెలియకుండా, కడుపు నిండా రుచి చూసింది అదొక్కటే. దాన్ని అడుగుదామంటే ఎగిరిపోయింది.

పారేయబుద్ధి కాలేదు. మిద్దె మీదికి తీసుకెళ్ళి ముట్టించాను. రంధ్రాల్లోంచి గాలి దూరి పొగ రావడం లేదు. అయిదు రంధ్రాల మీద అయిదు వేళ్ళు పెట్టి, పిల్లనగ్రోవి వాయించేవాడిలా పట్టుకుని పీల్చాను. అప్పుడు వచ్చింది. బాదం తగిలింది. కాఫీ తగిలింది. చివర్లో ఒక రంధ్రం మీద వేలు కాలింది.

వేళ్ళ వాసన నాలుగు రోజులు పోలేదు. అది నీదో, దానిదో, నీకు తెలిస్తే తిరుగుటపాలో రాయగలవు.

ఇట్లు
రెండు ఉంగరాలూ ఇంకా సొరుగులో దాచుకున్నవాడు