దొంగకున్న శ్రద్ధ మనకేదీ?

ఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: మీరే మీరని రుజువేంటి? దీనికి తడుముకోకుండా జవాబు చెప్పగలిగే వర్గం లోకంలో ఒక్కటే ఉంది. దొంగలు, అదీ మన పేరూ వివరాలూ పట్టుకుపోయి మనమేనని చలామణీ అయ్యే గుర్తింపు దొంగలు. పుట్టినతేదీ, తల్లి పుట్టింటి పేరు, చదివిన మొదటి బడి, కార్డు మీది చివరి నాలుగు అంకెలు, అన్నీ వాళ్లకు నోటికొచ్చు. అసలు మనిషేమో "ఒక్క నిమిషం లైన్లో ఉండండి" అంటూ సొరుగులు వెతుక్కుంటాడు. మన పేరును మనకంటే బాగా మోయగలవాడు దాన్ని తీసుకుపోతే దొంగతనం అనడం ఎంతవరకు సబబు? అర్హుడికి చేరిందని సరిపెట్టుకోవాలి.

అందులో మన సహకారమూ తక్కువేం కాదు. పుట్టినరోజు ఫొటోలు ఏటా ఊరందరికీ చూపిస్తాం. "మీ మొదటి పెంపుడు కుక్క పేరు చెప్పండి, మీ జాతకం చెబుతాం" అంటే వెంటనే చెప్పేస్తాం. ఆ కుక్క పేరే ఏదో ఒక ఖాతాకు రహస్య ప్రశ్న జవాబని మనకు గుర్తుండదు, వాడికి ఉంటుంది. ఇక పాస్‌వర్డ్ అన్నిటికీ ఒకటే. ఏ చిన్న సైటు నుంచో అది బయటపడితే చాలు, వందలాది సైట్లలో దాన్ని వేసి చూసే ప్రోగ్రాములున్నాయి. ఒక్కో ఖాతాకు ఒక్కో పాస్‌వర్డ్, వాటిని గుర్తుపెట్టుకోవడానికి పాస్‌వర్డ్ మేనేజర్, దానిపైన యాప్‌లో మారుతూ ఉండే కోడ్ పెట్టుకుంటే వాడి పొట్ట కొట్టినట్టే. మనకంత కఠిన హృదయం లేదు.

మన తప్పేమీ లేకపోయినా పని జరగవచ్చు. 1938లో అమెరికాలో ఒక పర్సుల కంపెనీ, ప్రభుత్వం ఒక్కో మనిషికి ఒక్కో నంబరు వేసి ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కార్డు పర్సులో ఎలా ఇముడుతుందో చూపించడానికి ఒక నమూనా కార్డు పెట్టి అమ్మింది. దాని మీద అచ్చేసిన నంబరు మాత్రం నిజమైనది, ఆ కంపెనీలోనే పనిచేసే ఒక సెక్రటరీది. కార్డు సైజులో చిన్నది, అచ్చు ఎర్రది, పైన 'నమూనా' అని రాసి కూడా ఉంది. అయినా కొన్నవాళ్లలో చాలామంది అది తమ నంబరే అనుకున్నారు. 1943లో 5,755 మంది దాన్ని వాడుతున్నారు, మొత్తం మీద లెక్క 40,000 దాటింది. చివరికి నంబరు మార్చుకోవాల్సి వచ్చింది ఆ సెక్రటరీకే. ఈ న్యాయం అప్పటి నుంచీ చెక్కుచెదరలేదు. 2017లో ఈక్విఫాక్స్ అనే క్రెడిట్ బ్యూరో నుంచి, అంటే ఎవరి అప్పు ఎంతో, ఎలా తీర్చారో లెక్క రాసిపెట్టే సంస్థ నుంచి, సుమారు 14.7 కోట్ల మంది వివరాలు పోయాయి. సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిచేసే ప్యాచ్, అంటే మరమ్మతు ముక్క, అంతకు ముందే విడుదలైంది, వేసుకోవడమే మిగిలింది. వివరాలు పోయినవాళ్లలో చాలామంది ఆ సంస్థకు ఏనాడూ ఏమీ ఇచ్చినవాళ్లు కారు.

సరే, పోయింది. ఇప్పుడేం చేయాలి? ఫోన్లో ఉన్నట్టుండి సిగ్నల్ మాయమైతే టవర్‌ని తిట్టుకుంటూ కూర్చోకుండా వేరే ఫోన్ నుంచి కంపెనీని అడగాలి, మన నంబరు ఇంకెవరి సిమ్‌లోకో వెళ్లి ఉండొచ్చు. ముందుగా కాపాడుకోవాల్సింది ఈమెయిల్. మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లన్నీ మార్చే లింకులు వచ్చేది అక్కడికే. అయితే పాస్‌వర్డ్ మార్చేసి గుండెల మీద చెయ్యేసుకుని పడుకుంటే వాడి శ్రద్ధను అవమానించినట్టే. సెట్టింగుల్లో ఫిల్టర్లు అనే చోట ఓసారి చూడండి. 'బ్యాంకు' అనే మాటున్న మెయిల్ ఏదొచ్చినా చదివేసినట్టు గుర్తు పెట్టి చెత్తబుట్టలో వెయ్యమని వాడు రాసిపెట్టి ఉండొచ్చు. మన మెయిల్ ప్రతి ఒక్కటీ ఇంకో చిరునామాకు నకలు వెళ్తూ ఉండొచ్చు. ఇంత పొందికగా మన ఉత్తరాలు మనమెప్పుడైనా సర్దుకున్నామా? అవన్నీ తీసేసి, రికవరీ నంబరు మనదో కాదో చూసుకుని, అన్ని పరికరాల్లోనూ లాగౌట్ కొట్టాలి.

తర్వాత బ్యాంకు. నంబరు కార్డు వెనక ఉంటుంది. వెతికితే మొదట కనబడే కస్టమర్ కేర్ దొంగదే కావచ్చు. అసలు కేర్‌కి చేరాక సంభాషణ ఇలా సాగుతుంది.

"నా పేరు మీద ఎవరో లోన్ తీసుకున్నారండీ."

"మీ రిజిస్టర్డ్ నంబరుకు వచ్చిన ఓటీపీ చెప్పండి సార్."

"ఆ నంబరే వాడి చేతిలో ఉంది."

"అయితే నంబరు మార్చుకోవాలి సార్. రిజిస్టర్డ్ నంబరు నుంచి ఫోన్ చేయండి."

లోన్ ఇవ్వడానికి పట్టింది నిమిషాలు. తీసుకోలేదని ఒప్పించడానికి పట్టేది నెలలు. అందుకే పోలీసు ఫిర్యాదు నకలు దగ్గర పెట్టుకుని, ఎవరితో ఏ తేదీన మాట్లాడిందీ, ఫిర్యాదు నంబరెంతో ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఫోన్లో చెప్పిందే రాతపూర్వకంగానూ పంపాలి. క్రెడిట్ బ్యూరోకి చెప్పి, వీలున్నచోట కొత్త అప్పులు పుట్టకుండా ఫైలును ఫ్రీజ్ చేయించాలి. ఈలోగా "పోయిన సొమ్ము తెప్పిస్తాం, ముందు కాస్త ఫీజు కట్టండి" అంటూ ఇంకొకాయన వస్తాడు. మోసపోయినవాళ్ల జాబితాలు కూడా అమ్ముడవుతాయి మరి.

ఈ రంగంలో సంస్కరణ కోసం నాదొక చిన్న ప్రతిపాదన. లోన్లిచ్చే విభాగంలోని ఉద్యోగులను ఫిర్యాదుల విభాగానికి, ఫిర్యాదుల వాళ్లను లోన్ల విభాగానికి బదిలీ చేయాలి. అప్పు కావాలన్నవాడిని ఆరు విభాగాలు తిప్పి, సంతకం కలవలేదని వెనక్కి పంపి, పదిహేను పనిదినాల తర్వాత కనబడమంటారు. అప్పు తీసుకోలేదన్నవాడికి మాత్రం "అభినందనలు! మీ అభ్యర్థన మంజూరైంది" అని రెండు నిమిషాల్లో మెసేజ్ వస్తుంది.