రోమన్ నాణెం నానబెట్టిన నీళ్లు

“రోమన్ కంచు నాణేల మీద మన దేవుళ్లు! తప్పక షేర్ చేయండి” అనే మెసేజ్ మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది, ఆఫీసు గ్రూపులో వచ్చింది, చివరికి అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ గ్రూపునూ వదల్లేదు. ఇక ఊరుకోవడం నా వల్ల కాదు.

నెమలి ఉంది కాబట్టి కుమారస్వామి అట. అది రోమన్ దేవత జూనో పక్షి. రోమ్ మహారాణి ఫౌస్టీనా చనిపోయాక ఆమెను దేవతల్లో కలిపి, ఆ గుర్తుగా వేసిన బొమ్మ. ఏనుగుంటే వినాయకుడట. క్రీ.శ. 149 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి ఆంటోనైనస్ పయస్ జనానికి వేడుకలు జరిపించి, అందులో నడిపించిన ఏనుగును నాణేనికెక్కించాడు. నాణెం మీది ‘ఎస్ సి’ అక్షరాలంటే శ్రీచక్రమట! రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ తీర్మానం అని నాయనా. పదండి.

త్రాసు, పండ్లు నింపిన జంతువు కొమ్ము పట్టుకున్నావిడ లక్ష్మి అట. ఆవిడ మోనెటా, టంకశాల దేవత. కానీ ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. గ్రీకు, రోమన్ దేవతల చేతిలోని ఆ కొమ్మే కుషాణుల నాణేల మీద వాళ్ల సంపద దేవత అర్దోక్షో చేతికొచ్చింది. అక్కణ్ణుంచి సముద్రగుప్తుడి బంగారు నాణేలకూ వచ్చింది. తర్వాతి గుప్తుల నాణేల్లో ఆ దేవతే పద్మం పట్టి లక్ష్మిగా కూర్చుంది. అంటే చుట్టరికం నిజమే, రాక మాత్రం అటునుంచి ఇటు.

ఇక ఐదో పాయింటు. నాణేన్ని రాత్రంతా నిమ్మరసం నీళ్లలో వేసి పొద్దున్నే తాగితే కీళ్లనొప్పులు, షుగర్ మాయమట. పిల్లలకైతే జ్ఞాపకశక్తి అట. నేనింత రాస్తున్నది దీనికోసమే. 3, 4 శతాబ్దాల రోమన్ కంచు నాణేల్లో రాగి, తగరంతో పాటు సీసం బాగా కలిపేవారు. పులుపు తగిలితే ఆ సీసమూ రాగీ నీళ్లలోకి దిగుతాయి. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాస్తే ఏమవుతుందో మీ అమ్మమ్మనడగండి. మెసేజ్‌లో ‘ఔషధ భస్మం’ అని బాణం గుర్తు పెట్టి చూపించిన లేత ఆకుపచ్చ పొడి, మట్టిలోని ఉప్పు రాగిని తినేస్తే వచ్చిన చిలుము. మ్యూజియంలో ఆ పొడి కనిపిస్తే నాణేన్ని తీసి విడిగా పెడతారు. మనవాళ్లు గ్లాసులో వేస్తారు! సీసం పిల్లల మెదడును దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫర్వాలేదు అనే మోతాదే తెలియదంటోంది ప్రపంచ ఆరోగ్య సంస్థ. జ్ఞాపకశక్తి కోసం తాగించాల్సింది ఇదేనన్నమాట.

పైగా ఆన్‌లైన్‌లో ‘ఒరిజినల్’ అంటూ అమ్మే వాటిలో నకిలీలు బోలెడు. వాటిలో ఏ లోహం పోశారో పోసినవాడికే తెలియాలి. బాబాయ్, ఫార్వర్డ్ చేసే ముందు ఆ మెసేజ్ చివరిదాకా చదివారా? అక్కడ ఆర్డర్ చేయడానికి ఫోన్ నంబరు కూడా ఉంది.